పురుగుల వ్యాను

ఫ్రిజ్ పై అరలో పాప పాల సీసాలు ఉండాలా, పురుగుల ట్రే ఉండాలా అన్న వాదన మా ఇంట్లో అప్పటికే బాగా ముదిరింది. పాప మా మనవరాలు. ఇంకా పాకడం రాలేదు. అత్తగారిది పాల పక్షం. మావారిది ప్రభుత్వ పక్షం. ఆయన నీటి నాణ్యత శాఖలో అధికారి. అవి తన సొంత పురుగులు కావనీ, ప్రభుత్వానివనీ, కింది అరలో పెడితే మర్యాదగా ఉండదనీ ఆయన వాదన.

"పాలు విరిగితే మళ్ళీ కొనుక్కోవచ్చమ్మా. ఇవి పోతే వాగు పరువు పోతుంది" అన్నారు.

అంతకు ముందే మంత్రిగారు మా వీధి వెనక వాగు ఒడ్డున నిలబడి చరిత్రాత్మక ప్రకటన చేశారు. వాగు శుభ్రపడిందట. పరీక్ష పూర్తి కాగానే ఆ నీళ్ళే మా కుళాయిల్లోకి వదులుతారట. తమది కాగితాల ప్రభుత్వం కాదు గనక ప్రాణులే స్వయంగా సాక్ష్యం చెబుతాయట. మాట్లాడినంతసేపూ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. జలుబన్నారు. ప్రజల కోసం ఆరోగ్యం కూడా లెక్కచేయని మనిషి.

ఆ సాక్ష్యం సంగతి మావారు భోజనాల దగ్గర మాకు విడమరిచి చెప్పారు. వాగులో రాళ్ళ అడుగున కొన్ని ఎగిరే పురుగుల పిల్లలు పెరుగుతాయి. వెంట్రుకల్లాంటి మూడు తోకలున్న రకం మంచి నీళ్ళలో తప్ప బతకదు. ఎర్ర దారప్పోగుల్లాంటి రకం మురుగులో కూడా హాయిగా ఉంటుంది. రాయి తిరగేసి చూస్తే నీళ్ళెలాంటివో తెలిసిపోతుంది.

ఆయన మా వాగులో రాళ్ళన్నీ తిరగేశారు. అన్నిటి కిందా ఎర్రవే.

"మెజారిటీ వాటిదే కదా నాన్నా, ఒప్పేసుకోండి" అంది మా అమ్మాయి, పాపను భుజాన వేసుకుని జోకొడుతూ. ఆయన నవ్వలేదు. మూడు తోకలవి లేవని రాస్తే ఆయనకు వెతకడం చేతకాలేదని తాము రాస్తామని పైనుంచి ఫోన్ వచ్చిందట.

అందుకని కొండ మీది సెలయేటికి వెళ్ళి మూడు తోకలవి పట్టుకొచ్చారు. చల్లగా ఉంటేనే బతుకుతాయని వాటి ఫ్రిజ్ కాపురం అలా మొదలైంది. పొద్దున్నే వాటిని వాగులో వదిలారు. మధ్యాహ్నానికి వెల్లకిలా తేలాయి. మరో ట్రే తెచ్చారు. అవీ అంతే. ప్రభుత్వంతో సహకరించే అలవాటు వాటికి లేదు.

శాఖ మాత్రం నిరుత్సాహపడలేదు. వాగు మధ్యలో ఒక గాజు తొట్టి నిలబెట్టి, అందులోకి కొండ నీళ్ళు రోజూ వ్యానులో తెప్పించింది. వాగు నీళ్ళు పొరపాటున తొట్టిలో పడకుండా ఒక పోలీసును కాపలా పెట్టింది. ఇంత ముందుచూపు నేను ఏ శాఖలోనూ చూడలేదు.

తనిఖీ రోజు మేమంతా ఒడ్డున నిలబడ్డాం. మంత్రిగారు తొట్టిలోకి వంగి, తోకలు చూసి తల పంకించారు. చప్పట్లు కొట్టాం. తరవాత ఆయన చేతికి గ్లాసుతో నీళ్ళిచ్చారు. ఆయన మావారి చెవి దగ్గరికి వంగారు.

"ఇవి ఏ నీళ్ళోయ్?"

"పురుగులవేనండీ."

"అయితే సరే" అని గటగటా తాగేశారు. ఆ ఫోటో మర్నాడు అన్ని పత్రికల్లోనూ పడింది. వాగు ఉత్తీర్ణమైందని మావారు సంతకం చేశారు. పాత నీళ్ళ పైపు మూసేశారు. సాక్షులు బతికుండాలి గనక తొట్టికి వ్యాను మాత్రం ఆపలేదు.

పైపు మూసిన సాయంత్రమే కొత్త నీళ్ళు వచ్చాయి. అత్తగారు మొదటి గ్లాసు పట్టి, కాసేపు వెలుతురులో చూసి, తెచ్చి కొడుకు కంచం పక్కన పెట్టారు. గ్లాసు అడుగున ఎర్ర పోగొకటి మెలికలు తిరుగుతోంది.

"పాపకు పాలపొడి వీటితోనే కలపమంటావా నాయనా?" అని మాత్రం అడిగారు.

ఆయన గ్లాసు వంక చూశారు. అమ్మాయి ఒళ్ళో ఆకలికి ఏడుస్తున్న పాప వంక చూశారు. అన్నం సగంలో వదిలేసి లేచి, చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దాకా వెళ్ళి, తిప్పకుండానే వెనక్కి వచ్చి తువాలుతో తుడుచుకున్నారు.

"రేపటి నుంచి పురుగుల వ్యాను ముందు మనింటి దగ్గర ఆగుతుంది" అన్నారు మెల్లగా, అందరికీ వినబడేలా. "బిందెలు గుమ్మంలో పెట్టండి. మరీ పెద్దవి వద్దు. పురుగులకు తక్కువ కాకూడదు."