రెండు పెట్టెలు, ఒక మీట

ఆ ఇంట్లో ఆయన కళ్ళు చూస్తాడు, ఆవిడ చెవులు చూస్తుంది.

ఆయనది వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం. గోడ మీద అక్షరాలు చదివించి, జోడు బిగించి, ముక్కు మీద అది కుదురుగా కూర్చుందో లేదో చూసి పంపిస్తాడు. ఆవిడ ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. వచ్చినవాళ్ళను గాజు గదిలో కూర్చోబెట్టి, చెవిలో సన్నటి కూతలు వినిపించి, వినపడగానే చెయ్యెత్తమంటుంది. రోజంతా ఊరివాళ్ళ చెవులతో వేగి ఇంటికొచ్చే మనిషికి కావలసింది నిశ్శబ్దం. ఆయనకు కావలసింది గిటారు. అయినా కాపురం బాగానే సాగుతోంది. ఆవిడ నిశ్శబ్దాన్ని గట్టిగా అడుగుతుంది, ఆయన గిటారును మెల్లగా వాయిస్తాడు.

ఆ మెల్లగా అనే దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఆయన దగ్గర కాలేజీ రోజులనాటి యాంప్లిఫయరు ఒకటుంది. లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలిగే పాతకాలపు రకం. దానికి రెండు స్పీకరు పెట్టెలు. పెద్దపెట్టె ఇంచుమించు ఫ్రిజ్ అంత ఉంటుంది. చిన్నపెట్టె ముక్కాలిపీటంత. పెద్దపెట్టెలో ఒక్క తీగ మీటితే వంటింట్లో గిన్నెలు వంత పాడతాయి. చిన్నపెట్టెలో అదే తీగ మీటితే పక్కింట్లో ఎవరో గొంతు సవరించుకున్నట్టుంటుంది.

"వాయిస్తే చిన్నదాంట్లో వాయించండి," అని ఆవిడ ఏనాడో తేల్చి చెప్పింది. "అదీ వెనక గదిలో. అదీ దుప్పట్ల అలమరలో పెట్టి, తలుపు మూసి."

"పోనీ నన్ను కూడా అలమరలో పెట్టి తలుపు మూసెయ్యి."

"చోటు లేదండీ. దుప్పట్లున్నాయి."

పెద్దపెట్టె హాల్లో ఒక మూల ఉండిపోయింది. ఆవిడ దాని మీద గుడ్డ పరిచి పూలకుండీ పెట్టింది. ఇంటికొచ్చినవాళ్ళు "టేబులు బాగుందండీ" అన్నప్పుడల్లా ఆయన గుడ్డ అంచు ఎత్తి అది స్పీకరని చూపించేవాడు.

మధ్యాహ్నం దుకాణం మూసి భోజనానికి వచ్చినప్పుడు ఇంట్లో ఆయన ఒక్కడే ఉంటాడు. ఆవిడ ఒక రోజు పెందలాడే వస్తుంది, ఒక రోజు పొద్దుగూకాక వస్తుంది. వచ్చేదాకా పెద్దపెట్టెలో వాయించి, వచ్చే వేళకు చిన్నపెట్టెలోకి మారిపోతే ఎవరికి నష్టం? ఈ ఆలోచన వచ్చిన రోజు ఆయన ఒకాయనకు దగ్గరచూపు అద్దాల బదులు దూరపుచూపు అద్దాలు బిగించి పంపాడు.

సాయానికి బావమరిదిని పిలిచాడు. సభలకు మైకులు అద్దెకిచ్చే మనిషి. ప్రతి చోటా మైకు పరీక్షించీ పరీక్షించీ, ఏ మాటైనా రెండుసార్లు చెప్పడం అలవాటైపోయింది.

"వెనక గదిలో యాంపు. అక్కణ్ణించి రెండు వైర్లు, మధ్యలో ఒక స్విచ్చి," అని ఆయన వివరించాడు. "అటు తిప్పితే హాల్లో పెద్దది, ఇటు తిప్పితే అలమరలో చిన్నది. మీ అక్క గేటు దాటేలోపు ఇటు తిప్పేస్తాను."

"మాడిపోతుంది బావా. మాడిపోతుంది."

"ఏది?"

"నీ యాంపు. వాల్వుల యాంపులో స్పీకరు తగిలించకుండా గిటారు తీగ ముట్టుకోకూడదు. నీ స్విచ్చి అటునుంచి ఇటు వచ్చేటప్పుడు, మధ్యలో కాస్సేపు ఏ పెట్టెకీ తగలదు. ఆ కాస్సేపూ లోపల పుట్టిన జోరుకి బయటికి దారుండదు. దారి లేక అది పోయి లోపలున్న ట్రాన్స్‌ఫార్మరు మీద పడుతుంది."

"అంత కోపమా దానికి?"

"మా అక్క మాట్లాడుతుంటే మధ్యలో ఆపి చూడు. అదే లెక్క, అదే లెక్క."

ఆయనకు విషయం పూర్తిగా అర్థమైంది. "పోనీ రెండు పెట్టెలూ ఒకేసారి తగిలించేస్తే?"

"అప్పుడు యాంపు మీద పడే లోడు మారిపోతుంది, దానికి వేరే సర్దుబాటు కావాలి. అదలా ఉంచు. చిన్నదాంతో పాటు పెద్దదీ మోగుతుంటే అక్కకి వినపడదా?"

ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

చివరికి బావమరిది ఒక దారి చెప్పాడు. కాలితో నొక్కే మీట ఒకటి చేసిస్తాడు. ఒక పెట్టెను వదిలి ఇంకో పెట్టెను అందుకునే లోపు ఆ జోరును మోయడానికి అందులో ఒక రెసిస్టరు ఉంటుంది, కాబట్టి వాయిస్తూ వాయిస్తూనే మార్చుకోవచ్చు. అది తయారయ్యేదాకా చేతి స్విచ్చితోనే సరిపెట్టుకోవాలి. ముందు యాంపును స్టాండ్‌బైలో, అంటే నిద్రలో పెట్టాలి, తర్వాత స్విచ్చి తిప్పాలి, ఆ తర్వాతే మళ్ళీ యాంపును లేపాలి.

"మీ అక్కకి చెప్పకు."

"చెప్పను బావా. చెప్పను."

రెండుసార్లు అన్నాడు కాబట్టి ఆయన రెండింతలు నమ్మాడు.

యాంపును నిద్రపుచ్చి లేపాలంటే కాస్త వ్యవధి కావాలి. ఆవిడ రాక ముందే తెలియాలి. ఇన్నాళ్ళూ కిర్రుమంటున్న గేటు మీద ఆయనకు ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది. దుకాణం నుంచి వస్తూ దాన్ని నిమిరి మరీ లోపలికొచ్చేవాడు. ఆ వారమే ఆవిడ గేటుకు నూనె వేసింది.

"ఇప్పుడెందుకు వేశావ్?"

"కిర్రుమంటోంది కదండీ."

"గేటన్నాక కిర్రుమనదా?"

ఆవిడ నూనె డబ్బాకు మూత పెట్టేసింది. మర్నాడు ఆయన గేటుకు గంట కట్టాడు, పోస్టుమాను సౌకర్యం కోసమని. పోస్టుమానుకు వేళ్ళున్నాయి తలుపు తట్టుకుంటాడని ఆవిడ దాన్ని విప్పేసింది.

ఇక మిగిలింది పై వాటాలోని తాతగారు. బాల్కనీలో కూర్చుంటే ఆయనకు వీధి మలుపు దాకా కనిపిస్తుంది. కళ్ళజోడు ఈయన ఇచ్చిందే. చెవి మిషను ఈవిడ పెట్టిందే. ఆ రెండోది ఈయన ఆలోచనలోకి రాలేదు.

"ఆవిడ మలుపు తిరగ్గానే చేతికర్రతో నేల మీద కొట్టండి తాతగారూ. నాకు వినపడుతుంది."

"అదెంతసేపు బాబూ," అన్నారు తాతగారు. ఆయన ఎవరికీ కాదనని మనిషి. ఎవరికీ అంటే ఇద్దరికీ.

నాలుగు రోజులు చేతి స్విచ్చితో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నెట్టుకొచ్చాక మీట రానే వచ్చింది. ఆయన వెనక గది తలుపు బార్లా తీసి, హాల్లోంచి పెద్దపెట్టె మోగుతుంటే కళ్ళు మూసుకుని వాయించేవాడు. పైన కర్ర చప్పుడు కాగానే కాలితో మీట నొక్కేవాడు. పాట తెగకుండా అలమరలోకి దూరిపోయేది. ఆవిడ లోపలికొచ్చి, చెప్పులు విడిచి, "వాయిస్తున్నారా?" అనేది.

"ఏదో, చిన్నదాంట్లో," అనేవాడు ఆయన వినయంగా.

అలా కొన్నాళ్ళు ఆయన అంత సుఖపడిన మనిషి ఆ వీధిలో లేడు. దుకాణంలో ఈల వేస్తూ అద్దాలు తుడిచాడు. రాత్రి అడక్కుండానే అంట్లు తోమాడు.

ఒక మధ్యాహ్నం మంచి జోరు మీద ఉండగా కర్ర చప్పుడైంది. మీట నొక్కాడు. పెద్దపెట్టె ఆగింది. అలమరలోంచి మాత్రం ఏమీ రాలేదు.

ఆయన వాయించడం ఆపేశాడు. దూరంగా ఎవరో రేడియో పెట్టినట్టు ఏదో వినిపించి సద్దుమణిగింది కానీ, పట్టించుకునే స్థితిలో లేడు. గిటారు మంచం మీద పడేసి, నేల మీద బోర్లా పడుకుని, యాంపు వెనక ముక్కు పెట్టాడు.

"ఏం చేస్తున్నారు?" గుమ్మంలో ఆవిడ.

"వాసన చూస్తున్నాను. మాడిపోయింది."

"పొయ్యి మీద ఏమీ లేదే."

"యాంపు మాడిపోయిందే. మారేటప్పుడు లోడు లేదు. పెద్దదాన్ని వదిలింది, చిన్నదాన్ని అందుకోలేదు. నా కాలేజీ రోజుల యాంపు."

"పెద్దదాన్ని వదిలిందా?" అంది ఆవిడ నెమ్మదిగా. "పట్టుకున్నదెప్పుడు?"

ఆయనకు అప్పుడు తెలిసింది తానేమన్నాడో. నేల మీంచి లేవకుండానే మాట సర్దబోయాడు. "అంటే, ఇప్పటిదాకా చిన్నదాంట్లోనే వాయించాననుకో."

"అలాగా. అలమర తీయండి."

తీశాడు. దుప్పట్లున్నాయి. దుప్పట్ల వెనక ఇంకా దుప్పట్లున్నాయి. చిన్నపెట్టె లేదు.

"నిన్న సాయంత్రం మీరు దుకాణంలో ఉండగా తీయించాను," అంది ఆవిడ. "కంగారు పడకండి, యాంపు ఏమీ కాలేదు. ఒకసారి తీగ మీటండి."

ఆయన లేచి గిటారు అందుకుని మీటాడు. నెత్తి మీద, పై వాటాలో, గిటారు ఖంగున మోగింది. వెంటనే బాల్కనీలోంచి తాతగారి గొంతు వినిపించింది. "ఆపేశావేం బాబూ? ఇప్పుడే కదా నా వంతు వచ్చింది."

ఆయన మంచం అంచున కూలబడ్డాడు. యాంపు బతికినందుకు నవ్వాలో, తను దొరికినందుకు ఏడవాలో తేల్చుకోలేక రెండూ కలిపి చేశాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. మలుపులో గట్టిగా వినపడింది, గేటు దగ్గరికొచ్చేసరికి సన్నబడింది. దగ్గరికొచ్చేకొద్దీ చప్పుడు పెరగాలి కానీ తగ్గుతుందా అండీ? నా చెవులకే ఏదో వచ్చిందని భయపడి ఆసుపత్రిలో పరీక్ష చేయించుకున్నాను."

"ఏం తేలింది?"

"నా చెవులు భేషుగ్గా ఉన్నాయి. అప్పుడు మావాణ్ణి అడిగాను."

"చెప్పనన్నాడే. రెండుసార్లు."

"చెప్పడం కూడా రెండుసార్లు చెప్పాడు. ఆ మీట తొందరగా చేసివ్వరా అని పోరు పెట్టింది నేనే. చేతి స్విచ్చితో మీరు ఏదో కంగారులో మాడ్చుకున్నారంటే, ఆ తర్వాత మీ మొహం చూడాల్సింది నేను." ఆవిడ గిటారు తీసి గోడకు ఆనించింది. "తాతగారేమో, కింద మోగేది కాళ్ళకి తగులుతోంది కానీ చెవికి అందట్లేదమ్మాయ్ అన్నారు. యాంపు కట్టేసి, చిన్నపెట్టె పైకి చేర్చి, కిటికీలోంచి వైరు లాగాం నేనూ మావాడూ."

"మరి తాతగారు నా మనిషి కదా."

"మీ జోడుతో నన్ను చూశారు, నా మిషనుతో మిమ్మల్ని విన్నారు. ఎవరి బాకీ వాళ్ళకి తీర్చేశారు."

ఆ ఆదివారం బావమరిది వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, మీటను వంటింట్లో గట్టు కిందికి మార్చిపోయాడు. కొత్త ఏర్పాటు ప్రకారం ఆయన దర్జాగా వాయించుకోవచ్చు. ఏ పెట్టె మోగాలో ఆవిడ కాలు చూసుకుంటుంది. తీగ మీటేది ఆయనైతే, మీట ఆవిడది.

సాయంత్రాలు ఆయన వెనక గదిలో మొదలుపెడతాడు. హాల్లో పెద్దపెట్టె అందుకుంటుంది. ఎక్కడో ఒక చోట వేలు తడబడుతుంది. మరుక్షణం కింద ఇల్లంతా సద్దు మణిగి, ఆ తడబాటు కాస్తా పై వాటాకు చేరుతుంది. తాతగారికి తడబాటుతో పేచీ లేదు. కర్రతో నేల మీద కొట్టి, "మళ్ళీ," అంటారు. ఆయన తన వాయింపు తనకే సరిగా వినపడకుండా మళ్ళీ వాయిస్తాడు. మొదట్లో ఉక్రోషం వచ్చేది. తర్వాత పెద్దపెట్టెను ఎంతసేపు నిలబెట్టుకోగలనా అని పంతం వచ్చింది. మధ్యాహ్నాలు సాధన మొదలుపెట్టాడు, అదీ మెల్లగా.

ఒక రోజు పాట సగానికి వచ్చినా పెద్దపెట్టె ఆగలేదు. ముప్పావుకు వచ్చినా ఆగలేదు. ఆయన ఊపిరి బిగపట్టి చివరి తీగ దాకా వాయించి, అది పూర్తిగా చల్లారేదాకా ఆగి, పిల్లిలా నడిచి వంటింటి గుమ్మంలో తొంగి చూశాడు. ఆవిడ గట్టుకు ఆనుకుని నిలబడి ఉంది. కాలు మీటకు దూరంగా ఉంది.

"నొక్కడం మరిచిపోయావా?" అన్నాడు.

ఆవిడ జవాబు చెప్పేలోపు పైన కర్ర టకటకమంది. తన వంతు ఇంకా రాలేదని తాతగారి ఫిర్యాదు. ఆవిడ కిటికీ తీసి తల బయటకు పెట్టింది.

"కాస్త ఆగండి తాతగారూ. ఇంకోసారి వాయించమంటున్నాను. ఇది నేను వింటున్నాను."