నల్ల రిబ్బను కట్టిన పాపానికి

న్యాయం మీరే చెప్పండి. ఇల్లంతా మా ఆవిడది. నాదంటూ మిగిలింది బాల్కనీలో మూడడుగుల చోటు, అందులో ఒక పేము కుర్చీ. పొద్దున్నే అందులో కూర్చుని పేపరు చదువుకోవడం తప్ప ఈ జన్మలో నేనెవరినీ ఏమీ కోరలేదు. ఆ కుర్చీ కాస్తా అటకెక్కింది. మాటవరసకు అనడం లేదు, నిజంగానే అటక మీదుంది.

కారణం మా మామగారు. ముప్పయ్యేళ్ళు సైన్యంలో డాక్టరు. రిటైరై మా ఇంటికొస్తూ నలభై రెండు కుండీల మొక్కలు వెంటబెట్టుకొచ్చారు. రోజూ ఆరింటికల్లా వాటి మధ్య రౌండ్స్! కోలుకున్న మొక్కకు ఆకుపచ్చ రిబ్బను, కనిపెట్టి చూడాల్సినదానికి పసుపు, అత్యవసరమైతే ఎరుపు, ఆశ వదులుకున్నదానికి నలుపు. నలుపు పడిందంటే ఆదివారానికి కుండీ ఖాళీ. నాకు జ్వరమొస్తే నాలుక చూసి "డ్యూటీకి పనికొస్తారు" అని ఆఫీసుకు తోలిన ఈ పెద్దమనిషి, గులాబీకి పురుగు పడితే ఆ పూట భోజనం మానేశారు!

అన్నింటికన్నా పెద్ద తొట్టి సరిగ్గా నా కుర్చీ చోటులో దిగింది. అందులో ఉన్నదేమిటయ్యా అంటే గుప్పెడు గడ్డి. మూడేసి ఆకులు, ఆవగింజంత పసుపు పూలు.

"ఆ గడ్డికి అంత తొట్టా?" అని మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

"గడ్డి కాదండీ, దాని పేరు మెడిక్. సైన్యంలో డాక్టర్నీ మెడిక్ అనే అంటారట. నాన్నకి అదంటే ప్రాణం."

"పేరు కలిస్తే చోటిచ్చేయడమేనా? నా పేరుగలవాళ్ళు ఈ వీధిలోనే ముగ్గురున్నారు. ఒక్కడికైనా మనింట్లో కుర్చీ వేశామా?"

"మీకే లేదు, వాళ్ళకెక్కడ వేస్తాం?"

ఒళ్ళు మండిపోయింది. శనివారం సాయంత్రం మామగారు షికారుకెళ్ళగానే ఆ మొక్కకున్న ఆకుపచ్చ రిబ్బను విప్పి, నలుపు కట్టేశాను. ఆ ఊపులోనే అటకెక్కి కుర్చీ దుమ్ము కూడా దులిపి వచ్చాను.

ఆదివారం ఆరింటికి బాల్కనీలోంచి కేక. "అల్లుడుగారూ! దీనికి నలుపు కట్టిందెవరు?"

మా ఆవిడ నా చొక్కా మీది అటక దుమ్ము వంక చూసింది. ఇక దాచి లాభం లేకపోయింది.

"నేనేనండీ. పాపం, వాడిపోయినట్టుంటేనూ..."

చీవాట్లు పడతాయనుకున్నాను. ఆయన నా భుజం తట్టారు.

"శభాష్! అయితే కూర్చోండి."

"ఎక్కడండీ?"

"దాని పక్కన. నలుపు ఎవరు కడితే వాళ్ళే చివరిదాకా పక్కనుండాలి. ఆశ లేదని చెప్పినవాడు లేచి వెళ్ళిపోకూడదు. అది సైన్యంలో మా డాక్టర్ల నియమం. ఓసారి గాయపడ్డ ఒక జవానుకి నేనే నలుపు కట్టి పక్కన కూర్చున్నాను. మూడోరోజు వాడు కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగాడు. ఆ ఆసుపత్రి డేరా గుమ్మంలో మొలిచిన మొక్క విత్తనమే ఇది."

నిజం చెప్పొద్దూ, సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో మా ఆవిడ అటక మీంచి నా కుర్చీ దింపింది. ప్రాణం లేచొచ్చింది. మామగారు దర్జాగా అందులో కూర్చున్నారు. నాకు ముక్కాలి పీట వేశారు.

ఇవాళ్టికి పదకొండు రోజులు. ఆఫీసు ముందు గంట, ఆఫీసయ్యాక గంట ఆకులు లెక్కపెట్టి రాస్తున్నాను. నిక్షేపంలాంటి మొక్క చస్తుందా? రోజుకో రెమ్మ వేస్తోంది! మామగారు నా పేపరు చదువుతూ, నా కుర్చీలో జారగిలబడి, "ఇంకా ప్రమాదం తప్పలేదు, కదలకండి" అంటారు. అన్నీ తెలిసే చేస్తున్నారని నాకు రూఢిగా తెలుసు. ఏమని నిలదీస్తాను?

పొద్దున మా ఆవిడ కాఫీ తెచ్చి, పీట మీద ముడుచుకున్న నన్ను ఎగాదిగా చూసింది.

"నాన్నా, ఈయనకి ఏ రంగు కట్టమంటావు?"

"నలుపేనమ్మా, సందేహం లేదు. కానీ కట్టేముందు ఆలోచించుకో. నియమం తెలుసుగా?"

"కట్టకుండానే ఇరవయ్యేళ్ళుగా పక్కన కూర్చున్నాను కదా నాన్నా" అని, కాఫీ నా చేతిలో పెట్టి లోపలికెళ్ళిపోయింది.

కాఫీ తాగి, మళ్ళీ ఆకులు లెక్కపెట్టాను.