కేకు మీద నాలుగు పేర్లు

పొద్దున్న ఏడింటికి బేకరీ ఆవిడకు ఆ రోజు పని చాలా తేలిగ్గా కనిపించింది. తొమ్మిదిలోపు కేకు మీద రాత, పదకొండింటికి కాలేజీలో అప్పగింత. ఫిజిక్స్ ప్రొఫెసర్‌గారి పదవీ విరమణ కేకు అది. నచ్చితే ఇకమీదట కాలేజీ వేడుకలన్నీ ఆమెవే. రాయాల్సింది కూడా చిన్నదే: ద్రవ్యరాశే శక్తి అని చెప్పే సూత్రం, కింద ఐన్‌స్టీన్ పేరు.

రాత పూర్తవుతుండగా ఫోను మోగింది. ఆమె చేతుల నిండా క్రీము. భర్త ఎత్తాడు.

"ఇదిగో, ఎవరో లెక్చరర్‌. ఐన్‌స్టీన్ ఒక్కడి పేరే రాస్తే అన్యాయమట. అంతకు ఐదేళ్ల ముందే పోంకారే అనే ఫ్రాన్సు ఆయన, కాంతి శక్తికి కూడా ద్రవ్యరాశి ఉన్నట్టే లెక్క అన్నాట్ట. ఆయన్నీ పెట్టాలట."

"పెడతామనండి. పేరేగా!"

ఆ సంగతి స్టాఫ్‌రూములో పొక్కింది. పావుగంటకు ల్యాబ్ మేడమ్ ఫోను: ఐన్‌స్టీన్‌కు ముందే ఇలాంటి లెక్క వేసిన ఆస్ట్రియా హాజెనోర్ల్‌ను ఎలా వదిలేస్తారు? ఆ వెంటనే లైబ్రేరియన్: మరి ఇటలీ డి ప్రెట్టో ఏం పాపం చేశాడు?

"ఒక్క ముక్క కనిపెట్టడానికి ఇంతమందా!" అంది ఆవిడ. "మనింట్లో పాలు పొంగించింది ఎవరంటే మాత్రం ఒక్కరూ ఒప్పుకోరు."

అక్షరాలు చిక్కిపోయాయి. హాజెనోర్ల్ ఒత్తు జారి పోంకారే నెత్తిన పడింది. నాలుగో పేరుకు చోటే లేదు. గడియారం చూసి, చాకు తీసుకుని, అందరికీ తెలిసిన ముక్కేగా అని సూత్రాన్ని గీకేసింది.

కాలేజీలో ఫోన్లు చేసిన ముగ్గురూ కేకు చుట్టూ చేరి ఎవరి పేరు ముందుండాలో తేల్చుకుంటున్నారు. చాకు పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డ ప్రొఫెసర్ కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఇంతకీ సూత్రం ఏదీ?"

ముగ్గురూ కేకు మీదకు వంగి వెతికారు.

"చోటు చాల్లేదండీ. గీకేశాను," అంది ఆవిడ నీళ్లు నములుతూ.

"అసలు విషయమే గీకేశావా!" అన్నాడు లెక్చరర్. ఇక ఈ కాలేజీ గడప తొక్కే రాత లేదనుకుంది ఆమె.

ప్రొఫెసర్ మాత్రం కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "ముప్పై ఏళ్లుగా ఈ తగాదా మీదే పుస్తకం రాస్తున్నానమ్మా. మొన్న మా ఆవిడ చదివి, పేర్లన్నీ బాగున్నాయి గానీ వీళ్లు చెప్పిందేమిటండీ అంది. వెతికితే నా పుస్తకంలోనూ లేదు!"

అని నాలుగు పేర్లనూ కలిపి ఒకే ముక్కగా కోసి తన పళ్లెంలో వేసుకున్నాడు.

మరుసటి వారం ఆమెకు కాలేజీలో ఆ ముగ్గురి నుంచీ విడివిడిగా మూడు కేకులకు ఆర్డరు వచ్చింది, ఒక్కోదాని మీద ఒక్కటే పేరు.