పైకి కాదు, పక్కకి

ఆర్విడ్ టోలెఫ్సన్‌కి అలారం గడియారంతో పనిలేదు. వేసవిలో ఆదివారం వచ్చిందంటే తెల్లవారుజామున నాలుగున్నరకి కళ్ళు వాటంతటవే తెరుచుకునేవి. పంతొమ్మిది వందల అరవై మూడు ఆగస్టులో ఆరోజు వేసుకున్న పథకం కూడా ఎప్పటిదే. ఐదింటికి బామ్మర్ది ఐనార్‌తో కలిసి మిట్టెన్ సరస్సులో పడవ దించాలి. నాచుదిబ్బ చుట్టూ రెండు చుట్లు కొట్టాలి. ఎనిమిదిన్నరకి ఇల్లు చేరి, చేపకంపు పోయేలా చేతులు తోముకుని, తొమ్మిదింటికి లూథరన్ చర్చిలో భార్య వాయించే ఆర్గన్‌కి దగ్గరి బల్ల మీద కూర్చోవాలి. చేతులు తోముకోవడం మర్యాద కోసమే. పంతొమ్మిదేళ్ళుగా ఆ చేతులకి మస్కీ చేప కంపు ఎలా ఉంటుందో తెలియదు.

ఉత్తర విస్కాన్సిన్‌లో మస్కీ పట్టని మగవాణ్ణి జాలిగా చూసేవారు. అందులోనూ జిల్లా ఆఫీసులో చేపల వేటకి లైసెన్సులు రాసిచ్చే గుమాస్తా ఆర్విడే.

మస్కీ మొసలికి దూరపు చుట్టంలా ఉంటుంది. మనిషి కాలంత పొడుగు, నోటినిండా పళ్ళు. విసిరిన ఎర వెంట పెళ్ళిచూపులకి వచ్చినట్టు పడవ దాకా వచ్చి, మన మొహం చూసి, సంబంధం నచ్చలేదన్నట్టు వెళ్ళిపోతుంది. అందుకే ఎరని పైకి తీసేముందు గాలం కర్ర కొసని నీళ్ళలో ముంచి, ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పుతారు. వెళ్ళబోయేదానికి మనసు మారితే అక్కడే, పడవ పక్కనే, కొరుకుతుంది.

ఆ ఆదివారం కొరికింది.

"బావా, వెనకాలే వస్తోంది! తిప్పు, తిప్పు! ఆఁ... పట్టింది!"

ఆర్విడ్ ఆకాశానికి దండం పెట్టినట్టు కర్రని పైకి గుంజాడు. ఎర చేప నోట్లోంచి ఊడి, అతని తల మీదుగా ఎగిరి, ఐనార్ టోపీని తన్నుకుపోయి అవతలి వైపు నీళ్ళలో పడింది.

ఐనార్ బోడిగుండు తడుముకున్నాడు. "గట్టిగానే దిగింది బావా. వదలకు, నిదానంగా లాగు. మంచి టోపీ అది."

ఇలా జరగడం ఐదోసారి. మిగతా నాలుగూ ఆర్విడ్‌కి తేదీలతో సహా గుర్తున్నాయి. కానీ ఈసారి సంగతి వేరు. పోయిన చలికాలం, పొయ్యి పక్కన కాఫీ తాగుతూ, వచ్చే వేసవి అయిపోయేలోగా పడవలోకి ఒక్క మస్కీ అయినా రాకపోతే పడవ అమ్మేస్తానని భార్య లవర్న్‌కి మాటిచ్చాడు. తండ్రి దేవదారు చెక్కతో, రెండు చలికాలాలు కూర్చుని చేసిన పడవ అది. పెళ్ళాంతో చలికాలంలో ఒప్పందాలు చేసుకోకూడదని ఆర్విడ్‌కి వేసవిలో తెలిసింది.

వంటింట్లో ఐనార్ తడి టోపీ పిండుకుంటూ అక్కకి ఫిర్యాదు చేశాడు. "ఎన్నిసార్లు చెప్పానే ఈయనకి! పడవ పక్కన కొరికితే దారం నాలుగడుగులే ఉంటుంది. పైకి గుంజితే ఊడొస్తుంది. అది ఎటు పోతోందో దానికి ఎదురుగా, పక్కకి, కిందకి లాగాలి. గాలం దవడ మూలన దిగుతుంది. దిగాక రీలు మీద బొటనవేలు సడలించి దారం వదలాలి, లేకపోతే తెంచుకుపోతుంది."

"అదంతా నాకు తెలుసురా," అన్నాడు ఆర్విడ్.

"నీకు తెలుసు. నీ చేతికే తెలీదు," అంది లవర్న్.

లవర్న్ వారమంతా పిల్లలకి పియానో నేర్పుతుంది, ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. పడవ అమ్మితే వరండాకి దోమతెర వేయించుకోవాలని ఆమె ఆశ. అయినా తప్పు వాయిస్తున్నవాణ్ణి దిద్దకుండా వదిలేయడం ఆమె వల్లయ్యే పని కాదు. సోమవారం నుంచి పాఠం మొదలైంది. ఆర్విడ్ కర్ర పట్టుకుని వంటింట్లో నిలబడాలి. తలుపు చాటు నుంచి ఆమె చెప్పాపెట్టకుండా దారం లాగుతుంది. పైకి గుంజితే చెక్క గరిటెతో మోచేతి మీద ఒకటి. బుధవారానికి కర్ర తీసేసింది. భోజనం దగ్గర చొక్కా చెయ్యి లాగింది, నిద్రలో దుప్పటి లాగింది. శుక్రవారానికి ఎవరు ఏది లాగినా ఆర్విడ్ చెయ్యి అతన్ని అడక్కుండానే పక్కకి, కిందకి వెళ్ళిపోతోంది.

ఆరోజే ఆఫీసులో క్రౌజ్ గారి భార్య సంతకం చేద్దామని అతని చేతిలోంచి పెన్ను లాగింది. మరుక్షణం ఆవిడ నడుం దాకా బల్ల మీదకి వచ్చేసింది. సంతకం కింది గీత మీద పెట్టమంటున్నాడనుకుని, పడుకునే పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆదివారం వచ్చింది. పాస్టర్ హొల్మ్ ఐయోవా మొక్కజొన్న పొలాల నుంచి కొత్తగా వచ్చినాయన. ఆయనకి తెలిసిన నీళ్ళల్లా బాప్తిస్మం నీళ్ళే. సగం ఖాళీగా ఉన్న బల్లల్ని చూసి ఆరోజు గొంతు పెంచాడు.

"పేతురు వలలు వదిలేసి ప్రభువు వెంట వెళ్ళాడు. ఈ ఊళ్ళో మగవాళ్ళు ప్రభువుని వదిలేసి గాలాల వెంట వెళుతున్నారు!"

మగవాళ్ళు బూట్లు చూసుకున్నారు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చేతులు కలుపుతున్నాడు. ఆర్విడ్ వంతు వచ్చింది. ఊళ్ళో వేటకెళ్ళి కూడా వేళకి చర్చికొచ్చే మగవాడు అతనొక్కడే కాబట్టి, చెవిలో ఒక మంచిమాట చెబుదామనుకుని పాస్టరుగారు అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు.

పక్కకి. కిందకి.

పాస్టరుగారు మెట్ల పక్కనున్న పూలపొదలోకి తలవైపు నుంచి దిగాడు. ఆర్విడ్, పాఠం ప్రకారం, బొటనవేలు సడలించాడు. పాస్టరుగారు ఇంకో గజం లోపలికి వెళ్ళాడు.

అప్పుడు వెనక నుంచి ముసలి గుండర్సన్ చప్పట్లు కొట్టాడు. కిందిగదిలో కాఫీల దగ్గర ఆర్విడ్ చుట్టూ మగవాళ్ళు మూగారు.

"శభాష్‌రా ఆర్విడ్! ప్రసంగానికి ఇంత సూటి జవాబు నా జన్మలో చూళ్ళేదు," అన్నాడు గుండర్సన్.

"జవాబు కాదు మావా, నా చెయ్యి..."

"చెయ్యే కదరా! నోటితో ఎవడైనా చెబుతాడు."

లవర్న్ కెటిల్ పట్టుకుని మధ్యలోకి వచ్చింది. "ఆయన్ని ఏమీ అనకండి. ఆయన తప్పేం లేదు. వారం రోజులు ఇంట్లో కూర్చోబెట్టి నేనే నేర్పాను."

గుండర్సన్ గారి భార్య వచ్చి లవర్న్ చేతిలోంచి కెటిల్ తీసేసుకుంది.

మంగళవారానికి నలభై ఒక్కమంది సంతకాలతో ఒక అర్జీ తయారైంది. వేటకి అడ్డురాకుండా ఆరాధన వేళ మార్చాలని, మార్చకపోతే ఆర్విడ్ టోలెఫ్సన్ నాయకత్వంలో మేం వేరే చర్చి పెట్టుకుంటామని. టోలెఫ్సన్‌కి ఆ సంగతి బుధవారం తెలిసింది. గురువారం చర్చి పెద్దలు మనిషిని పంపి లవర్న్ దగ్గర ఆర్గన్ తాళంచెవి అడిగి తీసుకున్నారు.

"పన్నెండేళ్ళు వాయించాను," అంది లవర్న్ గిన్నెలు తోముతూ. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

ఆర్విడ్ టోపీ చేత్తో పట్టుకుని పాస్టరుగారింటికి వెళ్ళాడు. ఆయన బెణికిన కాలు పీట మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆర్విడ్ చెయ్యి ఇవ్వలేదు. ఆయనా అడగలేదు.

"చేప పడవ పక్కన కొరికితేనండీ, పైకి గుంజకూడదు," అని మొదలుపెట్టి ఆర్విడ్ అరగంట చెప్పాడు.

పాస్టరుగారు ఓపిగ్గా విన్నాడు. "మీరు చెప్పేది నిజమే అయ్యుంటుంది. కానీ ఇది విని ఆదివారం పెద్దల ముందు నేనేమని చెప్పను? చేపకీ నాకూ తేడా తెలీలేదనా?"

"ఒకసారి పడవలోకి రండి. చూపిస్తాను. శనివారం."

శనివారం మంచుతెరలు ఇంకా లేవకముందే, కుంటుతున్న పాస్టరుగారిని ఆర్విడ్ భుజం పట్టి పడవెక్కించడం గుండర్సన్ కిటికీలోంచి చూశాడు. "పొదతో సరిపెట్టుకోలేదు. ఈసారి నీళ్ళలోనే," అని ఆయన ఫోనులో నలుగురికి చెప్పాడు. ఆ నలుగురూ ఊరికి చెప్పారు.

సరస్సు మధ్యలో ఇదేమీ తెలియదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎక్కడో లూన్ పక్షి కూసింది. ఆర్విడ్ ఎర విసిరి, లాక్కొచ్చి, పడవ పక్కన ఎనిమిది దిద్ది చూపించాడు. పాస్టరుగారు తెడ్డు కిందపెట్టి, చిన్నపిల్లాడిలా వంగి చూశాడు.

"కాస్త నన్ను దిద్దనిస్తారా?"

ఆర్విడ్ కర్ర ఆయనకిచ్చి, కాఫీ కోసం ఫ్లాస్కు మూత తిప్పాడు.

నీళ్ళ అడుగున గోధుమరంగు దుంగ ఒకటి కదిలింది. దుంగ నోరు తెరిచింది. పడవ ఒరిగింది. ఆర్విడ్ గొంతులోంచి పంతొమ్మిదేళ్ళ అనుభవం ఒక్కసారిగా బయటికొచ్చింది: "పైకి! పైకి గుంజండి!"

పాస్టరుగారు పైకి గుంజలేదు. పక్కకి, కిందకి, నడుం తిప్పి లాగాడు. గాలం దవడ మూలన దిగింది. చేప పరుగందుకోగానే బొటనవేలు సడలించాడు. పావుగంట తర్వాత ఇద్దరూ కలిసి దాన్ని వలబుట్టలో పడవలోకి ఎత్తారు. నలభై ఏడు అంగుళాలు. ఆర్విడ్ దాని పక్కనే చతికిలబడ్డాడు.

"ఎవరు నేర్పారండీ మీకు?"

"మీరే," అన్నాడు పాస్టరుగారు రొప్పుతూ. "నా వైపు నుంచి చాలా బాగా అర్థమైంది."

ఒడ్డున సగం ఊరు నిలబడి ఉంది. పొద గీతలు ఇంకా మానని చేతులతో పాస్టరుగారు చేపని ఎత్తి పట్టుకుని దిగాడు. గుండర్సన్ టోపీ తీశాడు. "చెయ్యి లాగింది నేను. ఆయన చేసింది పద్ధతి ప్రకారమే," అని పాస్టరుగారు అందరికీ వినబడేలా చెప్పి, రేపు ఆర్గన్ లవర్నే వాయిస్తుందన్నాడు. కాదనే ధైర్యం పెద్దలకి లేకపోయింది. అంత పెద్ద చేప వాళ్ళెవరూ పట్టలేదు.

ఐనార్ బావ చెవిలో గొణిగాడు. "పడవ పోయినట్టే బావా. పట్టింది ఆయన."

ఆర్విడ్ భార్య వైపు చూశాడు. లవర్న్ చేపనీ, పడవనీ, మొగుడి మొహాన్నీ వరసగా చూసింది.

"పడవలోకి మస్కీ రావాలన్నదే మాట," అంది. "ఎవరి గాలానికి అని అనుకోలేదుగా."

పడవ ఉండిపోయింది. ఆ తర్వాత ఎన్నో వేసవులు, పొగమంచులో ఆర్విడ్ తెడ్డు వేస్తుంటే ముందు పాస్టరుగారు, వెనక ఐనార్ కూర్చునేవారు. ఆర్విడ్ ఇంకో మూడుసార్లు పైకి గుంజాడు. ముగ్గురూ ఎంతసేపు నవ్వుకునేవారంటే, ఒడ్డున ఉన్నవాళ్ళకి కాఫీ చల్లారిపోయేది.

ఆరాధన వేళ మధ్యాహ్నం రెండింటికి మారినట్టు చర్చి దస్తరంలో ఉంది. కారణం అన్నచోట పాస్టరుగారి కాలినొప్పి అని రాశారు.