పన్నెండు కిలోల అనుమానం

ఆ ఉదయం ఇన్‌స్పెక్టరు గారికి ఉన్నవి రెండే పనులు. పదింటికల్లా నది వంతెన మీద బంగీ జంప్ వాళ్ళ కాటాలు రెండూ పరీక్షించి ముద్ర వేయడం, ఆ తర్వాత వదినగారింటికి భోజనానికి వెళ్ళడం. "ఎలాగూ అదే దారి కదా" అని భార్య కూడా జీపెక్కింది. తూనికలు కొలతల శాఖలో ఇరవై రెండేళ్ళుగా ఆయన కళ్ళుగప్పిన కాటా లేదు. బజారంతా ఆయన్ని చాటుగా 'గ్రాముగారు' అనేవారు. ఆ సంగతి తెలిసి ఆయన లోలోపల మురిసిపోయేవారు కూడా.

వంతెన మీద దూకుళ్ళ బాధ్యతంతా చూసే ఆవిణ్ణి అందరూ తాడు మేడమ్ అంటారు. గ్రాముగారు ఇనప తూకం గుళ్ళు పేర్చుకుంటుండగా భార్య ఆవిడతో మాట కలిపింది.

"అసలు ఇలా దూకాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందమ్మా?"

"ఎక్కడో సముద్రం మధ్య ఒక దీవిలోనండీ. మగవాళ్ళు కాళ్ళకి అడవి తీగలు కట్టుకుని కర్రల మంచె మీంచి నేల మీదికే దూకుతారు. తీగ ఎంత పొడవుండాలో మనిషిని చూసి అంచనా కట్టడమే. మా దగ్గర అంచనాల్లేవు. రెండు కాటాల మీద తూస్తాం, ఇద్దరం పైకి అరుస్తాం, రెండూ కలిస్తేనే ఆ అంకె చేతి మీద రాస్తాం. దాన్ని బట్టే రబ్బరు తాడు."

"అంకె తప్పితే?"

"బరువైన మనిషికి సన్న తాడు పడుతుంది. ఏట్లో తలస్నానమే."

రెండు కాటాలూ గ్రాము తేడా లేకుండా తూగాయి. గ్రాముగారు సంతోషంగా సీసపు ముద్ర వేసి సంతకం పెట్టారు. "మనిషిని కూడా ఒకసారి తూచి చూడండి సార్" అంది తాడు మేడమ్. ఆయన దర్జాగా ఎక్కి నిలబడ్డారు.

"ఎనభై ఆరు!" అని అరిచిందావిడ. రెండో కాటా ఎక్కితే అక్కడి మనిషీ "ఎనభై ఆరు!" అన్నాడు. లోయ కూడా అదే మాట అంది.

"డెబ్బై నాలుగు" అన్నారు గ్రాముగారు. "పొద్దున్నే చూసుకున్నాను."

బూట్లు విప్పారు. బెల్టు తీశారు. తాళాలగుత్తి భార్య చేతికిచ్చారు. అంకె కిలో కూడా దిగలేదు. భార్య ఎందుకో నది వంక తదేకంగా చూడసాగింది.

"ఇనుము దగ్గర సరిగ్గానే ఉంది. ప్రాణమున్న శరీరం దగ్గర తప్పుతోంది" అని తేల్చారాయన.

తాడు మేడమ్ మొహం మారిపోయింది. "అంటే కాటా మీద మీకు అనుమానమేనా సార్? అనుమానమొస్తే దూకుళ్ళు ఆపేయాలి. మా నిబంధన."

ఎర్రజెండా లేచింది. వరసలో ఉన్న ముప్పై మందీ గొల్లుమన్నారు. అప్పటికే కాళ్ళకు తాడు కట్టించుకుని అంచున వణుకుతున్న గడ్డం మనిషి మాత్రం తాడు విప్పించుకుని వచ్చి గ్రాముగారి చేతులు పట్టుకున్నాడు. "మీ శాఖ చల్లగా ఉండాలి సార్!" పొద్దున దూకి, నవ్వుకుంటూ ఫొటోలు చూసుకుంటున్న పదకొండు మందికి తమను తూచింది ఈ కాటాల మీదేనని తెలిసింది. వాళ్ళకు అప్పుడు వణుకు పట్టుకుంది. ఒకావిడ అక్కడే కూలబడింది.

గంటలో గ్రాముగారి పై అధికారి వేరే గుళ్ళ పెట్టెతో దిగాడు. తూచి చూస్తే కాటాలు రెండూ సక్రమం. తనూ ఎక్కి చూసుకున్నాడు. నిన్న డాక్టరు దగ్గర చూసిన అంకే వచ్చింది.

"ముద్ర వేసిందెవరయ్యా?"

"నేనేనండి."

"తప్పన్నదెవరు?"

"నేనేనండి."

"ఇందులో ఏ నువ్వు నిజం? ఇంతకీ నీ డెబ్బై నాలుగు ఏ కాటా మీద?"

"మా ఇంట్లో కాటా మీదండి."

నది చూడటం మానేసి భార్య ఇటు తిరిగింది. "దాని కింద అంకె జరిపే చిన్న చక్రముంటుందండీ. పన్నెండు వెనక్కి తిప్పాను. నా కోసమే తిప్పుకున్నా. అరవై దాటిన అంకె చూస్తే నాకు రోజంతా మనసు బాగుండదు. మీరూ ఎక్కుతారనుకోలేదు. ఎక్కి అంత సంబరపడుతుంటే చెప్పబుద్ధి కాలేదు."

పై అధికారి గ్రాముగారి మీద విరుచుకుపడ్డాడు. "నడకతో తగ్గాను, రాత్రి భోజనం మానేశాను అని ఆఫీసంతా ఊదరగొట్టావు కదయ్యా! నీ మాట విని ఆర్నెల్లుగా నేనూ మానేశాను!"

గ్రాముగారు మైకు తీసుకున్నారు. కాటాలు మంచివేననీ, తప్పు తన ఇంట్లో ఉందనీ ఉన్నదున్నట్టు చెప్పేశారు. జనం నమ్మలేదు. "ముద్ర వేసినవాడే కాదన్నాడు, ఇప్పుడు అవునంటున్నాడు. ముందు నువ్వు దూకి చూపించు!" అని కేకలు వేశారు. పై అధికారి కూడా "శాఖ పరువు నీ చేతిలో ఉంది" అని పక్కకు జరిగాడు. గ్రాముగారి చేతి మీద ఎనభై ఆరు రాశారు, నడుముకు పట్టీలు బిగించారు, కాళ్ళకు తాడు కట్టారు. ఆయన అంచుదాకా వెళ్ళారు. కింద నీళ్ళు దారప్పోగులా కనిపించాయి. ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ బెదరని మనిషి రెయిలింగును కావలించుకుని, "ఏమోయ్" అని మాత్రం అనగలిగారు.

"ఆయన్ని విప్పేయండమ్మా" అంది భార్య. "చక్రం తిప్పింది నేను. నేనే దూకుతాను."

"వద్దే! నీకేమన్నా అయితే?"

"కాటాకి ముద్ర వేసింది మీరు కాదూ? ఏమీ కాదు."

కొంగు నడుముకు బిగించి ఆవిడ కాటా ఎక్కింది. "డెబ్బై ఒకటి!" అని ఒకరు, "డెబ్బై ఒకటి!" అని ఇంకొకరు అరిచారు. లోయ మరో రెండుసార్లు అంది. అంకె చేతి మీదికెక్కింది. తాడు మారింది. పట్టీలు బిగించారు, ముడులు ఇద్దరు చూశారు. గ్రాముగారు కళ్ళు మూసుకున్నారు.

తెరిచేసరికి భార్య కింద, నీళ్ళకు రెండు నిలువుల ఎత్తున తలకిందులుగా ఊగుతూ, పెళ్ళయ్యాక ఆయన ఎన్నడూ విననంత గట్టిగా నవ్వుతోంది. వంతెన మీద చప్పట్లు మోగాయి. ఎర్రజెండా దిగింది. వరస మళ్ళీ కదిలింది. అందరికంటే ముందు నిలబడింది గడ్డం మనిషే.

ఆవిణ్ణి పైకి లాగి కూర్చోబెట్టి, తాడు మేడమ్ మంచినీళ్ళిచ్చింది. "భయమేయలేదాండీ?"

"వేయకపోవడమేంటమ్మా," అంది ఆవిడ జుట్టు సర్దుకుంటూ, "మీ ఇద్దరూ ఆ అంకె అరుస్తుంటే ప్రాణం పోయిందనుకో."