దెబ్బ తగిలితే మా ఫ్యాక్టరీలోనే తగలాలి

మీకు దెబ్బ తగిలే యోగం ఉంటే దయచేసి ఇంట్లో తగిలించుకోకండి. బొమ్మసంద్రలోని మా ఫ్యాక్టరీకి వచ్చి తగిలించుకోండి! ఇంట్లో కాలు విరిగితే నెలల తరబడి మంచాన పడతారు. మా దగ్గర విరిగితే మర్నాడే డ్యూటీలో ఉంటారు. ఇంతకన్నా గొప్ప వైద్యం ఏ కార్పొరేట్ ఆసుపత్రిలో ఉందో చెప్పండి!

ఈ మహిమంతా మా కంపెనీ క్లినిక్‌ది. ఉన్నది ఒక గది, ఒక మంచం, ఒక ఏసీ, నర్సు అర్పిత. డాక్టరు గారు అప్పుడప్పుడూ వచ్చి బీపీ చూసి వెళ్తారు. తన బీపీయే లెండి.

క్లినిక్ రాకముందు దెబ్బ తగిలినవాళ్లు పెద్దాసుపత్రికి పోయేవారు. అక్కడివాళ్లు ఊరుకుంటారా? ఎక్స్‌రే అంటారు, ఆపరేషన్ అంటారు, పైగా యాక్సిడెంట్ అని రాస్తారు. ఖర్చుకు ఖర్చు, అప్రతిష్ఠకు అప్రతిష్ఠ! మా క్లినిక్‌లో ఆ బాధ లేదు. ఇక్కడ వేలు తెగితే గీసుకుపోవడం. చెయ్యి కాలితే స్కిన్ ఎలర్జీ. కళ్లు తిరిగి పడితే టిఫిన్ తినకపోవడం. పేరు మారగానే దెబ్బ సగం తగ్గుతుంది, ఖర్చు మొత్తం తగ్గుతుంది.

గేటు దగ్గర మాకొక బోర్డు ఉంది. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో అది చెబుతుంది. దెబ్బ తగిలి ఎవరైనా సెలవు పెడితే మళ్లీ సున్నా. అనుకున్న అంకె చేరితే అందరికీ మటన్ బిర్యానీ. అంచేత మా దగ్గర మనిషికి ఏమైనా కావచ్చుగానీ బోర్డుకి ఏమీ కాకూడదు.

ఆమధ్య ఓబళప్ప కుడిచెయ్యి ప్రెస్సు మిషనులో పడి రెండు వేళ్లు నలిగాయి. హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే తల నెరిసిన మనిషి. చెయ్యి లోపలికి పోకుండా ఆ మిషనుకి ఒక గార్డు ఉండేది. పని నెమ్మదిస్తోందని దాన్ని ఊడదీశారు.

పెద్దాసుపత్రికి పంపాలంది అర్పిత. పాపం, కొత్తగా చేరింది, అనుభవం లేదు. మా మేనేజర్ భుజంగరావు గారు కట్టు కట్టించి, మర్నాడు పొద్దున్నే ఓబళప్ప ఇంటి ముందుకి కారు పంపించారు. ఏసీ కారు! ఇన్నేళ్లూ బస్సు కమ్మీ పట్టుకుని వేలాడిన మనిషికి ఇంతకన్నా గౌరవమా? తీసుకొచ్చి, ఎడమచేతి వేలితో హాజరు వేయించి, క్లినిక్ మంచం మీద పడుకోబెట్టారు. దీన్నే లైట్ డ్యూటీ అంటారు. పడుకోవడమే పని. మూలగకుండా పడుకుంటే ఇంకా మంచిది.

కొన్నాళ్లకి చెయ్యి వాచిపోయింది. సెలవిస్తే పెద్దాసుపత్రిలో చూపించుకుంటానని ఓబళప్ప బతిమాలాడు. మా అందరి గుండె జారిపోయింది. మంచం చుట్టూ చేరి, బిర్యానీ ఇంత దగ్గర పడ్డాక అలాంటి స్వార్థం తగదని నచ్చజెప్పాం. వేళ్లు ఆయనవే కావచ్చు, బిర్యానీ అందరిదీ కదా!

ఆ శుభదినం రానే వచ్చింది. మీటింగ్‌లో అందరం చప్పట్లు కొట్టాం. ఓబళప్ప ఎడమచేత్తో తొడ మీద కొట్టుకున్నాడు. క్లినిక్ గురించి రెండు మాటలు చెప్పమని భుజంగరావు గారు మైకు ఇచ్చారు.

"మంచం బాగుండాది సార్. కారూ బాగుండాది. నా చేతి కత పోనీండి. ఆ ప్రెస్సు మీద ఇప్పుడు నా బదులు మా చిక్కమునియప్ప ఉండాడు, కొత్త పిల్లోడు. ముందు దానికి గార్డు పెట్టించండి సార్."

భుజంగరావు గారు మైకు తీసేసుకుని బిర్యానీ వడ్డించమన్నారు. బిర్యానీ బాగానే ఉంది, నాకే ముద్ద దిగలేదు. తర్వాత ఓబళప్పని పెద్దాసుపత్రికి పంపారు. ఇన్నాళ్లూ ఏం చేశారని అక్కడి డాక్టర్లు కోప్పడ్డారట. ఆ రెండు వేళ్లూ ఇక వంగవట.

అయినా కార్మికుడి మాట మా యాజమాన్యం చెవిన పెట్టదని ఎవరన్నారు? మర్నాడే చర్య తీసుకున్నారు. క్లినిక్‌లో రెండో మంచం వేయించారు.