మీ సందేశం అందింది, ధన్యవాదాలు

పనిచేయని కాంటాక్ట్ ఫారమ్ కంటే మర్యాద తెలిసిన వస్తువు ఈ లోకంలో లేదని నా దృఢమైన అభిప్రాయం.

మీకూ అనుభవమే. వెబ్‌సైట్ అడుగున కొన్ని గళ్ళుంటాయి. పేరు, ఈమెయిల్, విషయం, సందేశం. కడుపులో ఉన్నదంతా అందులో వెళ్ళగక్కి బటన్ నొక్కుతారు. పచ్చటి టిక్కు పడుతుంది. "మీ సందేశం అందింది. ధన్యవాదాలు. త్వరలోనే మిమ్మల్ని సంప్రదిస్తాం." ఎవరికి అందింది? ఎవరికీ అందలేదు! అయినా మీ మనసు తేలికపడిందా లేదా? పడింది. అవతలివాడి మనసు బరువెక్కిందా? ఎక్కలేదు. ఇరుపక్షాలకూ ఇంత మేలు చేసే ఏర్పాటు ఇంకేముంది?

మనుషుల్లో ఈ సంస్కారం ఏదీ? గుమాస్తా దగ్గరికి ఫిర్యాదు పట్టుకెళ్ళండి. మీ మొహం కూడా చూడకుండా పక్క కిటికీకి పొమ్మంటాడు. పక్క కిటికీలో ఆయన భోజనానికి వెళ్ళాడంటారు. ఫారమ్‌కి భోజనం లేదు, విసుగు లేదు. దాన్ని బండబూతులు తిట్టినా ధన్యవాదాలే చెబుతుంది.

ఈ పత్రికవాళ్ళు కూడా పాఠకుల అభిప్రాయాల కోసం నా కాలమ్ కింద ఒక ఫారమ్ పెట్టారు. అంతకుముందు వారం వారం ఉత్తరాలొచ్చేవి. నాకు విషయం లేదనీ, హాస్యం అసలే లేదనీ, ఫొటోలో మాత్రం తెలివైనవాడిలా కనిపిస్తున్నాననీ రాసేవారు. ఫారమ్ పెట్టింది మొదలు ఒక్క తిట్టూ రాలేదు. నా రచన అమాంతం మెరుగుపడిందని సంపాదకుడికి చెప్పాను. పాపం, ఆయన నమ్మాడు.

ఇంత గొప్ప సాధనాన్ని ఇంటింటా ఎందుకు పెట్టకూడదు? వంటింటి తలుపుకి ఒకటి బిగించండి. కూరలో ఉప్పెక్కువైందని మగవాళ్ళు అందులో రాసుకుంటారు. టిక్కు పడుతుంది, అన్నం దిగుతుంది. పెళ్ళి పందిట్లో వియ్యపురాలి కుర్చీ పక్కన ఒకటి పెట్టండి. ఆఫీసులో జీతం పెంచమనేవాళ్ళకి ఒకటి. ఆసుపత్రిలో అయితే మంచానికొకటి చొప్పున కావాలి.

నా మాట గాలి కబురు కాదు. మా అక్క షాపులో దగ్గరుండి చూసిన సంగతి.

మా అక్క పాత కుర్చీలకూ సోఫాలకూ కొత్త గుడ్డ వేస్తుంది. కుంగిపోయిన స్ప్రింగులు తీసి, గోనెపట్టా బిగించి, స్పాంజి పరిచి, వంకర సూదితో అంచులు కుడుతుంది. చిన్న షాపు. ఒక గోడకి గుడ్డ తానులు, ఇంకో గోడకి కాళ్ళు పైకెత్తి పడుకున్న కుర్చీలు. ఒకప్పుడు ఆ షాపులో ప్రశాంతత అనేదే ఉండేది కాదు. బల్ల మీది ఫోను మోగుతూనే ఉండేది. మా అక్క నోట్లో మేకులు పెట్టుకునే "చెప్పండి" అనేది. మేకుల సందులోంచి వచ్చే ఆ "చెప్పండి" నాకు చిన్నప్పటి నుంచి ఇష్టమైన మాటల్లో ఒకటి.

మా మేనకోడలి పెళ్ళితో ఆ గోల తీరింది. కొత్తల్లుడు రోడ్లు వేసే ఇంజనీరు. మంచివాడు. వెబ్‌సైట్లు చేయడం అతని సరదా. అత్తగారికి ఏదైనా చేసిపెట్టాలని సెలవుల్లో కూర్చుని షాపుకి వెబ్‌సైట్ తయారుచేశాడు. కుర్చీల ఫొటోలు ఎంత బాగా తీశాడంటే వాటిని చూస్తే కూర్చోవాలనిపించదు, దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

"ఫోన్ నెంబరు తీసేద్దామండీ అత్తయ్యగారూ. నెంబరుంటే కొట్టులా ఉంటుంది. ఫారమ్ ఉంటే కంపెనీలా ఉంటుంది" అన్నాడు.

కొత్తల్లుడి మాట ఎవరు కాదంటారు? షాపు బోర్డు మీద నెంబరుకి రంగు కొట్టించి దాని మీద వెబ్‌సైట్ పేరు రాయించారు. పాత నెంబరు కూడా ఖాళీగా ఎందుకని తీయించేశారు. అందరం చుట్టూ నిలబడి ఉండగా అల్లుడు తన ఫోన్లోంచి ఫారమ్ నింపి బటన్ నొక్కాడు. పచ్చటి టిక్కు పడింది.

"వచ్చిందాండీ అత్తయ్యగారూ?"

మా అక్క మెయిల్ తెరిచి చూసింది. మళ్ళీ చూసింది. అతని మొహం కూడా చూసింది.

"వచ్చింది బాబూ. చక్కగా వచ్చింది."

ఆ తర్వాత అతను ఎప్పుడు ఫోన్ చేసి అడిగినా ఆవిడ జవాబు అదే. మెసేజ్‌లొస్తున్నాయాండీ? వస్తున్నాయి బాబూ. ఫారమ్ ఏమైనా ఇబ్బంది పెడుతోందాండీ? అబ్బే, బంగారంలా ఉంది బాబూ.

షాపులో ఎంత నిశ్శబ్దమంటే సూది కింద పడితే వినిపిస్తుంది. మాట వరసకి రాయడం లేదు, నిజంగానే నేను విన్నాను.

మొన్న ఆ నిశ్శబ్దంలోకి పళ్ళ డాక్టరమ్మ దూసుకొచ్చింది. ఆవిడ క్లినిక్‌లో రోగులు కూర్చునే కుర్చీలన్నీ ఎప్పటి నుంచో మా అక్క చేతివే.

"పని వద్దనుకుంటే వద్దని చెప్పచ్చు కదండీ. ఎన్నిసార్లు రాశాను మీకు? ప్రతిసారీ త్వరలోనే సంప్రదిస్తామంటారు. చూసి చూసి కొత్తవి కొనేశాను."

"నాకేమీ రాలేదండీ" అంది మా అక్క.

"మరి అందిందని నాకు చెప్పిందెవరు?"

డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

నేను పరిశోధన మొదలుపెట్టాను. మా అక్క పక్కనే కూర్చుని, మా ఇంట్లో ఏనుగు కూర్చోవడం వల్ల సోఫా విరిగిందని ఫారమ్‌లో రాశాను. ధన్యవాదాలు చెప్పింది. ఏనుగు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. మెయిల్లో ఏమీ రాలేదు. స్పామ్ అరలో వెతికాం. అందులో పొట్ట తగ్గించుకోమనే సలహాలు తప్ప ఏమీ లేవు. వెబ్‌సైట్‌కి చోటిచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఓపికగా చెప్పింది.

"మీ ఫారమ్ ఎవరు రాస్తే వాళ్ళ మెయిల్ పేరుతోనే పంపుతోంది సర్. మీ మెయిల్ బాక్స్ దాన్ని దొంగ మెయిల్ అనుకుని గుమ్మంలోనే పారేస్తోంది. పంపేవారి దగ్గర మీ సైట్ అడ్రసే పెడితే సరిపోతుంది. చిన్న సెట్టింగ్. సైట్ చేసినవాళ్ళకి చెప్పండి, మార్చేస్తారు."

ఇంతేనా అనుకున్నాను. అల్లుడికి ఫోన్ చేయబోతే మా అక్క నా చేయి పట్టుకుంది.

"వద్దు తమ్ముడూ. మనకోసం మొదటిసారి ఏదో చేశాడు. ఇన్నాళ్ళూ వచ్చింది వచ్చింది అని ఇప్పుడు రాలేదంటే ఏమనుకుంటాడు? మా అత్తగారు అబద్ధాలాడుతుందనుకోడూ?"

"పోనీ బోర్డు మీద నీ సెల్ నెంబరు రాయించు."

"చూసి నొచ్చుకుంటాడు."

"మరి షాపు?"

షాపు ఇచ్చేస్తుందట. ఈ నెలాఖరుకి తాళాలు ఇచ్చేస్తానని షాపు యజమానికి చెప్పేసిందట. చెప్పింది డాక్టరమ్మ రాకముందే. ఫారమ్ మాట తేలాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోనంది.

"ఆ రోజు అతని మెసేజొక్కటే దారి తప్పిందనుకున్నానురా. నా పని ఇంకెవరికీ అక్కర్లేదనుకుని చాలా రోజులు ఏడ్చాను. అక్కరుందని తెలిసింది, చాలు. షాపు కోసం పిల్ల కాపురంలో మాట తెస్తానా? అతనితో ఈ విషయం మాట్లాడావో, నా మీద ఒట్టే."

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. వంకర సూదితో అంత తిన్నగా కుట్టే మనిషి ఇంత వంకరగా ఎలా ఆలోచిస్తుంది? అయినా ఒట్టు ఒట్టే. నేను అతనితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

పాఠకులారా, కనుక పనిచేయని ఫారమ్ గొప్పదని మరోసారి మనవి చేస్తున్నాను. అది కుర్చీల షాపుని మూయించగలదు గానీ ఎవరి మనసూ నొప్పించదు. నాకు దాని మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. మెయిల్ పంపలేకపోయినందుకు నేనేమీ అనను, యంత్రమన్నాక చెడిపోతుంది. అందలేదు అనే ఒక్క ముక్క చెప్పి ఉంటే డాక్టరమ్మ ఆ రోజే చెప్పులేసుకుని షాపుకి నడిచి వచ్చేది. ఆ మాట చెప్పడం ఫారమ్‌కి చేతకాలేదు. మా అక్కకీ చేతకాలేదు.

అల్లుడుగారూ, ఇది మాట్లాడటం కాదు, రాయడం. ఒట్టు తప్పలేదు. నెలాఖరుకి ఇంకా కొంచెం టైముంది. దయచేసి మీ అత్తగారికి ఫోన్ చేసి అడగకండి. అడిగితే వస్తున్నాయి బాబూ అంటుంది. లాప్‌టాప్ పట్టుకుని షాపుకి వెళ్ళి, ఆవిడ పక్కన కూర్చుని, మీ కళ్ళతో మీరే చూడండి. వెళ్ళేటప్పుడు బోర్డులు రాసే ఆయన్ని కూడా తీసుకెళ్ళండి.

మీరు కనిపించినప్పుడల్లా "మీ కాలమ్ ప్రతి ఆదివారం చదువుతున్నాను మావయ్యగారూ, చాలా బాగుంటోంది" అంటుంటారు. రేపు పొద్దున షాపు తలుపు దగ్గర మీరు కనిపిస్తే నమ్ముతాను.